పొద్దుగాల గుట్ట, మాపటికి బాయి: పిల్లలతో ఒక ఎండాకాలం రోజు

నల్లగొండ, పాలమూరు పిల్లలకు సముద్రం సెలవుల్లో ఒకసారి దొరికితే దొరికినట్టు. గుట్టా బాయీ మాత్రం ఊరి పక్కనే ఉంటాయి. మే నెలలో ఒక్క రోజును సరిగ్గా పంచుకుంటే ఇంటిల్లిపాదీ పొద్దున గుట్ట ఎక్కి, సాయంత్రం బాయిలో ఈది, చీకటి పడకముందే ఇల్లు చేరొచ్చు. ఈ రెండు పనుల్లోనూ పిల్లలకు మొదట నేర్పాల్సింది ఒక్కటే: తిరిగి రావడం. గుట్ట మీద ఎక్కడం కన్నా ముందు దిగడం రావాలి. బాయిలో ముందుకు ఈదడం కన్నా ముందు మళ్లీ మెట్టు పట్టుకోవడం రావాలి. ఈ వరుస తప్పితే ప్రమాదమే.

ముందు టైం సంగతి. మే నెలలో మన దగ్గర సూర్యుడు 5:45 ప్రాంతంలో పొడుస్తాడు. ఐదుంబావుకల్లా గుట్ట కింద ఉంటే వెలుతురు చాలినంత ఉంటుంది, బండ చల్లగా ఉంటుంది. ఎనిమిదికల్లా కిందికి వచ్చేయాలి. మన గుట్టలన్నీ నల్లరాయి, అంటే గ్రానైట్. మెల్లగా వేడెక్కుతుంది, అంతకన్నా మెల్లగా చల్లారుతుంది. పది దాటిందంటే ఆ బండ మీద పిల్లలు చెయ్యి ఆనించలేరు. పొద్దు గూకినంక కూడా రాయి చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటుంది. అందుకే ఎండాకాలంలో గుట్టను సాయంత్రానికి పెట్టుకోవడం కన్నా పొద్దున పెట్టుకోవడమే మేలు. రోహిణి కార్తె మొదలైనంక, అంటే మే 25 దాటాక, ఎనిమిది కూడా ఆలస్యమే. ఏడున్నరకే దిగండి.

ఏ గుట్ట? మొదటిసారి అయితే గుడి ఉన్న ఊరి గుట్టే మంచిది. మెట్లో, కాలిబాటో ఉంటుంది, దారి తప్పేది ఉండదు, పైన నీడ ఉంటుంది. దేవరకొండ కోట, కోయిలకొండ కోట, భువనగిరి కోట చూడదగ్గవే. కానీ వాటికి వెళ్లే ముందురోజు గేటు ఎప్పుడు తెరుస్తారో కనుక్కోండి. తొమ్మిది తర్వాత తెరిచేదైతే చిన్నపిల్లలతో మేలో వద్దు, కార్తీకంలో వెళ్లొచ్చు. భువనగిరిది గుడ్డు ఆకారంలో ఉన్న ఒకే ఒక్క బండ, 500 అడుగులకు పైమాటే. పడమటి చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయి, భువనగిరిగా నిలిచింది. అక్కడ రాతి ఎక్కుడు నేర్పే శిక్షణ కేంద్రం ఉంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదటి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదనే. తాడు కట్టుకుని నిలువు బండ ఎక్కాలన్న కోరిక పిల్లలకు పుడితే అలాంటి చోట, నేర్పేవాళ్ల దగ్గరే తీర్చండి. బాయి తాడు, బర్రెను కట్టే తాడు, దుకాణంలో కొన్న నైలాన్ తాడు పట్టుకుని సొంతంగా ఆ పని చేయొద్దు. పడే మనిషిని ఆపేటప్పుడు వచ్చే గుంజుకు ఆ తాళ్లు ఎక్కుడు తాళ్లలా సాగవు. ఒకవేళ తాడు తెగకపోయినా నడుము విరుగుతుంది.

మూటలో ఏముండాలి

గుట్ట మీద గడిపే మూడు గంటలకు పెద్దవాళ్లకు తలా రెండు లీటర్లు, పదేళ్ల లోపు పిల్లలకు ఒక లీటరుకు తక్కువ కాకుండా నీళ్లు. దాహమైనప్పుడు కాదు, ఇరవై నిమిషాలకు ఒకసారి నాలుగు గుక్కలు తాగించాలి. పిల్లలు ఆటలో పడితే దాహం చెప్పరు. సగం నీళ్లలో ఓఆర్ఎస్ కలపండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి, కుప్పగా కాదు. ఉప్పు ఎక్కువైతే మేలు పోయి కీడు జరుగుతుంది. నిమ్మకాయ పిండితే పిల్లలు మారాం చేయకుండా తాగుతారు.

ఎక్కే ముందు ఒక అరటిపండు, గుప్పెడు పుట్నాలు చాలు. కిందికి వచ్చినంక తినడానికి జొన్నరొట్టె, పచ్చి పులుసు, లేదా పెరుగన్నం. పెరుగన్నం మే ఎండకు మూడు గంటల్లో పులుస్తుంది కనుక బువ్వ పూర్తిగా చల్లారినంక కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, ఒక చెంచా పెరుగు మాత్రం కలపండి. తినే వేళకు అదే తోడుకుంటుంది. అన్నం వేడిగా ఉన్నప్పుడే కలిపితే విరిగిపోతుంది. అంబలి పోసుకున్న స్టీలు క్యానుకు తడి గుడ్డ చుడితే సగం రోజు చల్లగా ఉంటుంది. కోతులున్న గుట్టకు చేతిలో ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని పోవద్దు. కవరు చప్పుడు వింటే చాలు, వచ్చి గుంజుతాయి. అన్నీ జిప్పు ఉన్న సంచిలో, వీపు మీద. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి.

చెప్పులతో ఎక్కొద్దు. గట్టి ప్లాస్టిక్ అడుగున్న చెప్పు బండ మీద సబ్బులా జారుతుంది. మెత్తటి రబ్బరు అడుగున్న బూట్లు, అరిగిపోనివి. మరీ కొత్తవి కూడా వద్దు, బొబ్బలు వస్తాయి. కాలి గోళ్లు ముందురోజే కత్తిరించాలి, లేకపోతే దిగేటప్పుడు వేలు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది.

బండ మీద అడుగు

ఏటవాలు బండ మీద మనల్ని నిలబెట్టేది పాదం కింద రాపిడి. పాదం ఎంత ఎక్కువ ఆనితే అంత పట్టు. పిల్లలు భయంతో మునివేళ్ల మీద నిలబడి, పొట్ట బండకు ఆనించి, పైకి పాకుతారు. అప్పుడు బరువు పాదాల మీద నుంచి చేతుల మీదికి పోతుంది, పాదం జారుతుంది. చెప్పాల్సిన మాట: "బిడ్డా, పాదం మొత్తం ఆనించు, నడుము బండకు దూరంగా పెట్టు, కాళ్లతో ఎక్కు, చేతులు ఊరికే తోడు." ఒక చేతిని గానీ ఒక కాలిని గానీ కదిపేటప్పుడు మిగతా మూడూ ఆని ఉండాలి. రెండు చేతులూ ఒకేసారి వదిలి దుమకడం ఉండకూడదు.

జారించేది ఏటవాలు కాదు, దాని మీది మొరం. రాయి చిట్లి రాలిన చిన్న గులకలు బండ మీద పరుచుకుని ఉంటాయి. వాటి మీద అడుగు వేస్తే ఎండు జొన్నల మీద కాలు పెట్టినట్టే. కాలితో ఒకసారి పక్కకు ఊడ్చి అప్పుడు బరువు వేయడం పిల్లలకు అలవాటు చేయండి. నల్లగా చారలు కట్టిన చోట్ల వానకాలంలో నీళ్లు జారతాయి. ఎండలో గట్టిగానే ఉంటాయి, తడి తగిలిందా మాత్రం నూనె రాసినట్టు. రాత్రి వాన పడితే ఆ రోజు బండ వద్దు.

గుట్ట కింద ఒక చిన్న ఏటవాలు చూసుకుని మొదట పావుగంట అక్కడే ఆడించండి. పెద్దవాళ్ల నడుమెత్తు ఎక్కాలి, దిగాలి. మళ్లీ ఎక్కాలి, దిగాలి. ఎక్కినట్టే దిగలేకపోతే ఆ పిల్లాడికి ఆ ఎత్తు ఇంకా రాలేదని అర్థం. పిల్లలు ఉడతల్లా పైకి పోతారు, పైన నిలబడి కిందికి చూసి ఏడుస్తారు. ఎందుకంటే ఎక్కేటప్పుడు కంటి ముందు పట్టు కనిపిస్తుంది, దిగేటప్పుడు పాదం పెట్టే చోటు కనిపించదు. విడి గుండ్లు ఎక్కించేటప్పుడు పిల్లల పాదాలు పెద్దవాళ్ల ఛాతీ ఎత్తు దాటొద్దు. గుండు కింద రాళ్లు, ముళ్లు, సీసా పెంకులు ముందే ఏరేయాలి. కింద నిలబడ్డ పెద్దమనిషి చేతులు పిల్లల నడుము వైపు చాచి ఉండాలి. పడితే ఎత్తుకోవడం కాదు పని, తల కిందికి కాకుండా కాళ్ల మీద దిగేలా మళ్లించడం.

నడిచేటప్పుడు వరుస ఇలా: ఎక్కేటప్పుడు ఒక పెద్దమనిషి ముందు, పిల్లలు మధ్యలో, ఇంకో పెద్దమనిషి వెనుక. ఏటవాలు బండ దగ్గర మాత్రం బలమైన మనిషి పిల్లలకు కిందివైపున ఉండాలి. దిగేటప్పుడు ఆ మనిషే ముందు దిగాలి. తాతా నాయనమ్మా వస్తే వాళ్ల నడకే అందరి నడక. వాళ్లకు మోకాళ్ల నొప్పి ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు తెలుస్తుంది. కనుక చేతికర్ర దిగడానికి దాచి ఉంచండి.

దిగడంలో రెండు తప్పులు మాటిమాటికీ కనిపిస్తాయి. ఒకటి, వెనక్కి వాలి మడమల మీద నిలబడటం. మడమ జారితే వీపు మీద పడతారు. మోకాళ్లు వంచి, శరీరం పాదాల మీదే ఉంచి, చిన్న చిన్న అడుగులు, నేరుగా కాకుండా అడ్డంగా వంకరలు తిరుగుతూ దిగాలి. రెండోది, కూర్చుని జారడం. నిక్కరు బట్ట పాదమంత పట్టు ఇవ్వదు, పైగా బరువంతా పాదాల మీద నుంచి లేచిపోతుంది, వేగం మొదలైతే ఆగదు. మరీ నిటారుగా ఉన్న చోట బండ వైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగించండి. కిందున్నవాళ్లు పిల్లల కాలు పట్టి చోటు చూపించాలి.

తేనెటీగల మాట విడిగా చెప్పాలి. కోట గోడల చూరుల్లో, వాలు బండల కింద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. పట్టు కనిపిస్తే కేకలు, రాళ్లు, సిగరెట్ పొగ, ఘాటు సెంటు ఏవీ ఉండకూడదు. ఒక ఈగ కుట్టిందంటే దాని వాసనకు మిగతావి వస్తాయి. నిలబడి చేతులు ఊపితే ఇంకా కుడతాయి. మొహానికి బట్ట కప్పుకుని, పిల్లలను పట్టుకుని, బండ అంచుకు కాకుండా దారి వెంట దూరం పోవాలి. ముల్లు చర్మంలో ఉంటే వెంటనే గోటితో గీకి తీసేయండి. ఆలస్యమైనకొద్దీ విషం దిగుతుంటుంది. పెదవులు, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, చాలా ఈగలు కుట్టినా 108కి ఫోన్ చేయాలి.

మధ్యాహ్నం

ఎనిమిది నుంచి నాలుగు వరకు నీడ. తిని పడుకోవడమే పని, ఇంకేం పెట్టుకోవద్దు. ఇది తాటి ముంజల కాలం, లేతవి తెప్పించుకోండి. పిల్లల మూత్రం పసుపు పచ్చగా, కొంచెమే వస్తుంటే పొద్దున తాగిన నీళ్లు చాలలేదని అర్థం, సాయంత్రంలోగా సల్లతో, అంబలితో పూడ్చాలి. ఎవరికైనా తలనొప్పి, వాంతి వస్తున్నట్టు ఉంటే ఆ మనిషి సాయంత్రం బాయిలోకి దిగొద్దు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

బాయి

అన్ని బాయిలూ ఈతకు పనికిరావు. కావలసింది: నీళ్ల దాకా సరిగ్గా ఉన్న మెట్లు, నిలబడి ఉన్న రాతి కట్టడం, యజమాని అనుమతి. మెట్లు లేని బాయి, చెరువులో మొరం తవ్విన గుంత, క్వారీ గుంత, సాగర్ కాలువ వద్దే వద్దు. గుంతల్లో ఒక అడుగు మోకాలి లోతు, పక్క అడుగు రెండు నిలువులు. కాలువ సిమెంటు ఏటవాలుకు పాకుడు పట్టి ఉంటుంది, ఈత వచ్చినవాడు కూడా గోడ ఎక్కి రాలేడు. కృష్ణలో ఎగువ నుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలియదు.

దిగే ముందు చేయాల్సిన పనుల్లో మొట్టమొదటిది కరెంటు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది, చాలా మోటర్లకు ఆటో స్టార్టర్లు ఉన్నాయి. కరెంటు పోయి వచ్చిందంటే మోటరు దానంతట అదే తిరుగుతుంది. స్టార్టరు బటన్ నొక్కి ఆపడం సరిపోదు. యజమాని చేతనే మూడు ఫ్యూజులూ పీకించి, అవి జేబులో పెట్టుకుని దిగండి. నీళ్లలోకి వేలాడే వైరుకు అతుకులు, చుట్టిన టేపు కనిపిస్తే ఇంకా అనుమానించాలి. తడి ఒంటికి చిన్న లీకు చాలు ప్రాణం తీయడానికి.

రెండోది లోతు. తాడుకు రాయి కట్టి మెట్ల దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి, మోటదరి (ఎద్దులతో మోట తోడిన వైపు) కింద ఒకసారి వదిలి చూడండి. ఎండాకాలంలో మోటర్లు నడిచి నీళ్లు రోజురోజుకూ దిగుతుంటాయి. మొన్న దుమికిన చోట ఇవాళ రాయి తేలి ఉంటుంది, పైగా దుమికే ఎత్తూ పెరిగి ఉంటుంది. తలకిందులుగా దుమకడం ఎవరికీ వద్దు. మెడ ఎముక విరిగితే మళ్లీ లేవడం ఉండదు. మూడోది నీళ్లు. రెండో మెట్టు మీద నిలబడితే మీ పాదం మీకు కనిపించాలి. కనిపించనంత పచ్చగా ఉంటే మునిగిన పిల్లాడూ కనిపించడు. నాలుగోది గోడ సందులు. నీరుకట్టు పాముకు విషం లేదు, కానీ సందులో ఉన్నది అదేనని చెప్పలేం. కర్రతో మెట్లు, గోడ నాలుగు దెబ్బలు కొట్టి, కాసేపు ఆగి దిగండి. ఈ నీళ్లు పిల్లలు మింగకుండా చూడాలి. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఒక్క గుక్కతో అది ఏమీ చేయదు, మురికి మాత్రం వాంతులు, విరేచనాలు తెస్తుంది.

నాలుగున్నరకు దిగి ఆరుకల్లా పైకి రావాలి. పైనీళ్లు గోరువెచ్చగా ఉన్నా నడుము లోతు కింద జిల్లుమంటాయి. వేడి ఒంటితో ఒక్కసారిగా దుమికితే ఆ చలికి నోరు తెరుచుకుని ఊపిరి లోపలికి గుంజుకుంటుంది, నీళ్లూ దాంతోపాటే పోతాయి. మెట్టు మీద కూర్చుని కాళ్లు, తల, ఛాతీ వరుసగా తడుపుకుని అప్పుడు దిగాలి.

ఈత నేర్పే వరుస

మొదట శ్వాస. నడుము లోతు మెట్టు మీద కూర్చోబెట్టి, నోటితో గాలి పీల్చి, మొహం నీళ్లలో పెట్టి ముక్కుతో బుడగలు వదలమనండి. ఇరవైసార్లు. ఊపిరి బిగబట్టేవాడికి ఈత రాదు, పైకి వచ్చినప్పుడు వదలాలా పీల్చాలా తెలియక నీళ్లు మింగుతాడు. రెండోది, మెట్టు అంచు పట్టుకుని కాళ్లు కొట్టడం. సైకిలు తొక్కినట్టు మోకాళ్ల నుంచి కాదు, తొడ నుంచి. మూడోది తేలడం. వెల్లకిలా పడుకోబెట్టి తల కింద ఒక అరచెయ్యి, నడుము కింద ఒకటి. చెవులు నీళ్లలో మునగాలి, చూపు ఆకాశం మీద. భయంతో తల లేపితే నడుము మునుగుతుంది, నడుము మునిగితే ఇంకా భయం. ఛాతీ నిండా గాలి ఉంటే ఒళ్లు దానంతట అదే తేలుతుందని పిల్లలకు ఒంటితో తెలిసేదాకా ముందుకు పోవద్దు. ఒకరోజు మొత్తం దీనికే పోయినా మంచిదే.

నాలుగోది దరి చేరడం. మెట్టుకు ఒక మీటరు దూరంలో నిలబడ్డ మీ చేతుల్లో నుంచి మెట్టుకు వదలండి, మెట్టు నుంచి మీ వైపు కాదు. పిల్లాడు ఎప్పుడూ దరి వైపే ఈదాలి. ఒక మీటరు, రెండు, మూడు. తర్వాత మీ వైపు వచ్చి, తిరిగి, మెట్టు పట్టుకోవడం. చివరికి బట్టలతో ఉండగా నీళ్లలో పడేసినట్టు దించి, వెల్లకిలా తిరిగి ఊపిరి తీసుకుని, మెట్టు చేరేలా చేయించండి. అప్పుడు అతనికి ఈత వచ్చినట్టు.

వీపుకు బెండ్లో, ఆనపకాయ బుర్రలో, ఐదు లీటర్ల నూనె డబ్బాలో కట్టడం మనవాళ్ల పాత పద్ధతి, మంచి పద్ధతి. మూత బిగిసిన ఖాళీ ఐదు లీటర్ల డబ్బా ఇంచుమించు ఐదు కిలోల బరువును తేలుస్తుంది. పదేళ్ల పిల్లాడికి రెండు చాలు. ధైర్యం వచ్చేకొద్దీ బెండు తగ్గించుకుంటూ పోవాలి. కానీ వీపు మీది బెండు ఒంటిని బోర్లా ఉంచుతుంది. పిల్లాడు అలిసి ఆగిపోతే మొహం నీళ్లలోనే ఉంటుంది. అందుకే బెండుకు తోడు చంకల కింద తాడు, ముడి వెన్ను వైపు, గుంజితే బిగుసుకోని ముడి. తాడు పైన మెట్టు మీద కూర్చున్న మనిషి చేతిలో. నడుముకు కట్టొద్దు, లాగితే తల కిందికి వేలాడుతుంది. లారీ ట్యూబు ఆటకే, నేర్చుకోవడానికి కాదు. బోర్లపడితే పిల్లాడు దాని కింద ఇరుక్కుంటాడు.

నీళ్లలో ఒక పెద్దమనిషి, చెయ్యి చాస్తే అందే దూరంలో ఒక పిల్లాడు. గడ్డమీద ఇంకొకరు, ఫోన్ లేకుండా. ఎందుకంటే మునిగేవాడు అరవడు. నోరు నీటిమట్టానికి వచ్చి, తల వెనక్కి వాలి, చేతులు పక్కలకు చాచి నీళ్లను కిందికి నొక్కుతుంటాడు. చూసేవాళ్లకు ఆడుతున్నట్టే ఉంటుంది. నిమిషం లోపలే మునిగిపోతాడు. అలా కనిపిస్తే ఈత బాగా వచ్చినా వెంటనే దుమకొద్దు, భయపడ్డవాడు మెడ పట్టుకుని ఇద్దరినీ ముంచుతాడు. తాడు, చీర, పొడుగు వాసం, ఖాళీ డబ్బా ఏదైనా అందించాలి.

బయటికి తీసిన మనిషికి ఊపిరి లేకపోతే కడుపు నొక్కడం, కాళ్లు పట్టి తిప్పడం, కుండ మీద బోర్లించడం చేయొద్దు. ఆ కాస్త సమయమే ప్రాణం. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో రెండు నుంచి ఐదు ఊపిరులు ఊదాలి. తర్వాత ఛాతీ మధ్య ముప్పైసార్లు నొక్కడం, రెండు ఊపిరులు, మళ్లీ ముప్పై. నిమిషానికి 100 నుంచి 120 వేగం, పిల్లలకైతే ఛాతీ మందంలో మూడోవంతు లోతు, పెద్దవాళ్లకైతే ఐదారు సెంటీమీటర్లు. 108 వచ్చేదాకా ఆపొద్దు. తేరుకున్నా ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే, ఊపిరితిత్తుల్లో నీళ్లుంటే కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు.

బాయిలో ఈత వచ్చిన పిల్లలను బాపట్ల దగ్గర సూర్యలంకకు తీసుకుపోతే ఒక్క సంగతి చెప్పండి. బాయిలో దరి కదలదు, సముద్రంలో నీళ్లే మనిషిని దరికి దూరంగా లాక్కుపోతాయి. అలా లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గినంక ఏటవాలుగా రావాలి. అలలు విరిగే చోట్ల మధ్య చదునుగా, నెమ్మదిగా కనిపించే పాయే ఆ లాగే పాయ. పిల్లలు అది చూసి అక్కడే దిగాలనుకుంటారు. బాయిలో ఎంత ఈత వచ్చినా అలల్లో నడుము లోతు దాటొద్దు.

ఆరు కాగానే అందరినీ పైకి పిలవండి. తలలు లెక్కపెట్టండి, పేరు పేరునా. చెవుల్లో నీళ్లుంటే తల పక్కకు వంచి ఒంటికాలి మీద దుమికితే కారిపోతాయి, పుల్లలు పెట్టొద్దు. తాడును నీడలో ఆరబెట్టి చుట్టాలి, ఎండలో నైలాన్ పెళుసుబారుతుంది. మెట్ల మీద చెప్పులు, బట్టలు ఎవరివీ మిగల్లేదని చూసుకుని, ఆ తర్వాతే జేబులోని ఫ్యూజులు యజమాని చేతికి ఇవ్వండి.